హింజ్ ఊడిన కిచెన్ కబోర్డ్ తలుపు: స్క్రూకు మళ్లీ పట్టు తెప్పించడం ఎలా

కబోర్డ్ తలుపు ఒక పక్కకు వాలింది. మూసినప్పుడు పక్క తలుపుకు రాసుకుంటోంది. తెరిచి చూస్తే హింజ్ వెనకాల ఉండే ప్లేటు పక్క పలక నుంచి లేచి ఉంది. స్క్రూ ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంది తప్ప బిగియడం లేదు. ఇలాంటప్పుడు చాలా ఇళ్లలో జరిగేది ఒకటే: అదే రంధ్రంలోకి ఇంకాస్త లావు స్క్రూ ఎక్కిస్తారు. కొన్నాళ్లు ఆగుతుంది. తర్వాత ఊడినప్పుడు పాతదానికన్నా పెద్ద గుంట మిగులుతుంది.

ఇక్కడ చెడిపోయింది స్క్రూ కాదు, చాలాసార్లు హింజ్ కూడా కాదు. స్క్రూ మరలు పట్టుకుని ఉండాల్సిన బోర్డు పొడైపోయింది. పొడిని పట్టుకుని ఏ స్క్రూ నిలవదు. కాబట్టి ముందు పోయిన బోర్డు స్థానంలో గట్టి చెక్క కూర్చోబెట్టాలి, ఆ తర్వాతే స్క్రూ. అగ్గిపుల్లలు విరిచి దూర్చే పాత చిట్కా గురించి కూడా ఒక మాట. ప్లైవుడ్‌లో, అసలు చెక్కలో అది ఫెవికాల్‌తో కలిపి చేస్తే బాగానే పనిచేస్తుంది. అమెరికాలో ఉంటున్నవారి వంటింట్లో కబోర్డ్ ముందు భాగానికి అసలు చెక్క ఫ్రేమ్ ఉండి, హింజ్ దానికే బిగించి ఉంటే ఈ చిట్కా చాలు. చెక్క రవ్వను జిగురుతో నొక్కి చేసే పార్టికల్ బోర్డులో మాత్రం పుల్లలు రంధ్రం గోడల్ని పక్కకు నెట్టి, మిగిలిన బోర్డును కూడా చీలుస్తాయి.

తలుపు దింపి, రంధ్రంలోకి చూడండి

హింజ్ ప్లేటు కదిలించే ముందే దాని చుట్టూ పెన్సిల్‌తో గీత గీయండి. తిరిగి బిగించేటప్పుడు ఈ గీతే ఆధారం. సామాను తీసి, తలుపు కింద పుస్తకాలో చెక్క ముక్కలో పేర్చి బరువు వాటిమీద పడేలా చూడండి. స్టవ్ పైన ఉండే కబోర్డ్ అయితే గ్యాస్ కట్టేసి, గట్టు మీద మడత పెట్టిన దుప్పటి పరవండి. జారిన తలుపు గ్రానైట్ మీద పడితే మూల విరుగుతుంది.

హింజ్ చేయి, అంటే తలుపు నుంచి ప్లేటు దాకా వచ్చే లోహపు భాగం, ప్లేటు నుంచి రెండు రకాలుగా విడిపోతుంది. చేయి వెనక చివర చిన్న మీట ఉంటే అది క్లిప్ రకం, మీట నొక్కితే టక్కుమని ఊడుతుంది. మీట లేకపోతే వెనక ఉన్న స్క్రూ రెండు చుట్లు వదులు చేసి చేతిని ముందుకు లాగితే జారి వస్తుంది. దింపేటప్పుడు కింది హింజ్ ముందు, పైది చివర. ఎక్కించేటప్పుడు పైది ముందు.

ఇప్పుడు ప్లేటు విప్పి, ఫోన్ టార్చ్ వేసి రంధ్రంలోకి చూడండి. టూత్‌పిక్‌తో లోపలి గోడను గీకండి. గోధుమరంగు రవ్వలా గరుగ్గా రాలితే పార్టికల్ బోర్డు. శనగపిండిలా మెత్తగా రాలితే ఎండీఎఫ్, అంటే సన్నటి చెక్క నార నొక్కి చేసిన బోర్డు. పొరలు పొరలుగా గీతలు కనిపించి, రాలకుండా నారలా లేస్తే ప్లైవుడ్. ఎక్కడైనా బోర్డు ఉబ్బి, టూత్‌పిక్ మెత్తగా దిగిపోతుంటే నీళ్లు తాగిందని అర్థం. దాని కథ వేరు, కింద చెప్పాం.

ఎందుకు ఊడిందో తేల్చుకోకపోతే మళ్లీ ఊడుతుంది

700 మి.మీ. ఎత్తు, 450 మి.మీ. వెడల్పు, 18 మి.మీ. మందం ఉన్న పార్టికల్ బోర్డు తలుపు దాదాపు 4 కిలోలు తూగుతుంది. రెండు హింజ్‌ల మధ్య 500 మి.మీ. దూరం ఉంటే, తలుపు మూసి ఉన్నప్పుడు పై ప్లేటును పలక నుంచి బయటికి లాగే బలం రెండు కిలోల లోపే. కింది ప్లేటును మాత్రం పలకలోకి నొక్కుతుంది. అందుకే దాదాపు ఎప్పుడూ పై హింజే ముందు ఊడుతుంది. ఇదే తలుపు 600 మి.మీ. వెడల్పు అయితే ఆ లాగుడు మూడు కిలోలు దాటుతుంది. తలుపు లోపలివైపు తీగ బుట్ట బిగించి 5 కిలోల సీసాలు పెడితే 450 తలుపుకే రెట్టింపు పైన అవుతుంది. సింక్ కింద తలుపుకు చెత్తబుట్ట తగిలించే అలవాటు కూడా ఇదే పని చేస్తుంది.

ఇంతకన్నా పెద్ద శత్రువు ఇంకొకటి ఉంది. మామూలు హింజ్ దాదాపు 110 డిగ్రీల దాకా తెరుచుకుంటుంది. అక్కడ ఆగిన తర్వాత కూడా నెడితే తలుపు మొత్తం ఒక గడ్డపారలా మారి ప్లేటును పెకలిస్తుంది. అంచు దగ్గర చేయి వేసిన చోటి నుంచి హింజ్‌కు 450 మి.మీ., ప్లేటు స్క్రూల దగ్గర ఆ బలాన్ని ఆపే దూరం రెండు మూడు సెంటీమీటర్లు. మీ చేతి బలం పది రెట్లకు మించి స్క్రూల మీద పడుతుంది. సిలిండర్ మార్చేటప్పుడు ఆ తలుపును మోకాలితో పక్కకు నెట్టడం, తడిగుడ్డలు ఆరేసిన తలుపు మీద చేయి ఆన్చి లేవడం, ఇవన్నీ ఇదే లెక్కలోకి వస్తాయి.

మూడో కారణం బిగించినప్పుడే జరిగిన తప్పు. డ్రిల్ మెషీన్‌తో స్క్రూ ఎక్కిస్తూ, తల ప్లేటుకు ఆనుకున్నా ఆపకపోతే మరలు బోర్డును లోపలే కోసేస్తాయి. పైకి బిగుతుగానే కనిపిస్తుంది, ఆరు నెలలకో ఏడాదికో వదులవుతుంది. జిప్సం బోర్డుకు వాడే నల్ల స్క్రూలు వాడినా ఇదే గతి. వాటి మర, తల ఈ పనికోసం చేసినవి కావు. పైగా వంటింటి ఆవిరికి తుప్పు పడతాయి.

డోవెల్‌తో పూడ్చడం: ఎక్కువ కేసులకు ఇదే సరైన మందు

రంధ్రం వదులైంది గానీ చుట్టూ బోర్డు గట్టిగానే ఉందంటే ఈ పద్ధతి పట్టండి. కావాల్సినవి: 8 మి.మీ. చెక్క డోవెల్‌లు (గుండ్రటి చిన్న చెక్క కడ్డీలు, పొడుగునా సన్నని గాళ్లు ఉన్నవి, మాడ్యులర్ కిచెన్ సామాను అమ్మే హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి), తడి తట్టుకునే రకం ఫెవికాల్, 8 మి.మీ. చెక్క డ్రిల్ బిట్, 2.5 మి.మీ. డ్రిల్ బిట్, 4 x 16 మి.మీ. చిప్‌బోర్డ్ స్క్రూలు, హెక్సా బ్లేడు, టేపు. ఒక ప్లేటుకు రెండు స్క్రూలు, రెండు డోవెల్‌లు. ఒకటే వదులైనా రెండూ చేయండి. ఒకటి గట్టిగా, ఒకటి వదులుగా ఉంటే బరువంతా గట్టిదాని మీద పడి అది కూడా పోతుంది.

1. 8 మి.మీ. బిట్ మొన నుంచి 14 మి.మీ. కొలిచి, అక్కడ టేపు చుట్టి జెండాలా వదిలేయండి. పలక 18 మి.మీ. మందం. జెండా లేకుండా తొలిస్తే వెనక లామినేట్ (పలక మీది పల్చటి నున్నటి పొర) దాటి పక్క కబోర్డ్‌లోకి తేలుతుంది. మీ పలక 16 మి.మీ. అయితే 12 దగ్గర కట్టండి.

2. పాత రంధ్రం బిట్‌ను తనవైపు లాగుతుంది, పక్కకు జారుతుంది. అందుకని మెషీన్‌ను ముందు రివర్స్‌లో నెమ్మదిగా తిప్పి లామినేట్ మీద శుభ్రమైన గుండ్రటి గీత పడనివ్వండి. తర్వాత ముందుకు తిప్పుతూ, పలకకు నిటారుగా పట్టుకుని తొలవండి. రెండు రంధ్రాల మధ్య దూరం 32 మి.మీ., పలక ముందు అంచు నుంచి వాటి మధ్యబిందువుకు 37 మి.మీ. ఎక్కువ మాడ్యులర్ కిచెన్లలో కొలత ఇదే. గీసిన పెన్సిల్ గీతతో ఒకసారి సరిచూసుకోండి.

3. పొడి మొత్తం తీసేయండి. నోటితో ఊదితే కళ్లలో పడుతుంది, పాత టూత్‌బ్రష్, వాక్యూమ్ మేలు. పొడి మిగిలితే ఫెవికాల్ పొడికి అతుక్కుంటుంది, గోడకు కాదు.

4. పుల్లతో రంధ్రం గోడలకు ఫెవికాల్ పూయండి. పార్టికల్ బోర్డు దాన్ని స్పాంజ్‌లా పీల్చేస్తుంది. ఐదు పది నిమిషాలు ఆగి రెండో పూత పూయండి. ఈ రెండో పూతను చాలామంది వదిలేస్తారు. తర్వాత డోవెల్ ఊడి చేతికొస్తే, దాని మీద జిగురు జాడే కనిపించదు.

5. డోవెల్‌ను రంధ్రం లోతుకన్నా రెండు మి.మీ. ఎక్కువ కోసి, దానికీ జిగురు రాసి, సుత్తితో చిన్నగా తడుతూ దించండి. గట్టిగా బాదకండి. కింద చిక్కుకున్న జిగురుకు దారి లేక వెనక లామినేట్‌ను బుడగలా లేపుతుంది. డోవెల్ మీద గాళ్లు ఉండాలన్నది ఇందుకే, ఎక్కువైన జిగురు వాటిగుండా పైకి వచ్చేస్తుంది. దాన్ని తడిగుడ్డతో తుడిచేయండి.

6. 24 గంటలు వదిలేయండి. వానాకాలంలో, విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఇంకో అర రోజు ఆగితే నష్టం లేదు. తర్వాత పైకి వచ్చిన ముక్కను హెక్సా బ్లేడుతో కోయండి. బ్లేడు కింద పాత విజిటింగ్ కార్డు పెడితే లామినేట్ మీద గీత పడదు.

7. ప్లేటును పెన్సిల్ గీతలో పెట్టి, దాని ప్రతి రంధ్రం మధ్యబిందువులో మేకు మొనతో గుచ్చి గుర్తు పెట్టండి. 2.5 మి.మీ. బిట్‌తో 13 మి.మీ. లోతు తొలవండి. ఇది తప్పించుకోవద్దు. డోవెల్‌లో నార పొడుగునా ఉంటుంది, స్క్రూ ఆ నార వెంటే దిగుతుంది. దారి లేకుండా ఎక్కిస్తే డోవెల్ నిలువునా చీలుతుంది. కార్పెంటర్ దగ్గర టేకు ముక్క నుంచి నారకు అడ్డంగా కోసిన బిళ్ల దొరికితే డోవెల్‌కన్నా అది ఇంకా మంచిది.

8. స్క్రూ మరలకు కొవ్వొత్తి రుద్ది, చేత్తో బిగించండి. మెషీన్ వద్దు. ప్లేటు పలకకు ఆనుకోగానే చేతికి బిగువు తెలుస్తుంది. అక్కడి నుంచి పావు చుట్టు, అంతే.

ఇంకో చిన్న మెళకువ. ఎప్పుడైనా ఈ స్క్రూను విప్పి మళ్లీ పెట్టాల్సి వస్తే, రంధ్రంలో పెట్టి ముందు ఎడమకు, అంటే విప్పే వైపు, నెమ్మదిగా తిప్పండి. ఒకచోట స్క్రూ చిన్నగా లోపలికి పడినట్టు చేతికి తెలుస్తుంది. పాత మర మొదలయ్యే చోటు అది. అక్కడి నుంచి కుడికి తిప్పితే పాత దారిలోనే వెళ్తుంది. ఇలా చేయకపోతే ప్రతిసారీ కొత్త మర కోసుకుంటూ పోయి రంధ్రం మళ్లీ వదులవుతుంది.

రంధ్రం గుంటైపోతే

ప్లేటు ఊడేటప్పుడు చుట్టూ బోర్డును కూడా పెకలించి, రూపాయి బిళ్లంత గొయ్యి చేసి ఉంటే 8 మి.మీ. డోవెల్‌కు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అలాంటప్పుడు అరాల్డైట్ లాంటి రెండు ట్యూబుల ఎపాక్సీ వాడండి. వదులు రవ్వను గీకేసి, రెండు ట్యూబుల నుంచి సమానంగా తీసుకుని బాగా కలిపి, ముందు కొంచెం పల్చగా గొయ్యి గోడలకు రుద్దండి. మిగిలినదానిలో సన్నటి రంపపు పొట్టు కలిపి ముద్దలా చేసి పూర్తిగా నింపండి. పైన ప్లాస్టిక్ కాగితం వేసి చెక్క ముక్కతో నొక్కి సమం చేయండి. త్వరగా ఆరే రకం కన్నా నెమ్మదిగా ఆరేది మేలు, బోర్డులోకి ఇంకే సమయం దొరుకుతుంది. ఒక రోజు ఆగి 2.5 మి.మీ. రంధ్రం తొలవండి. ఎపాక్సీ గట్టిగా ఉంటుంది, బలవంతంగా స్క్రూ ఎక్కిస్తే పగులుతుంది.

ఇంకా గట్టి దారి నట్టూ బోల్టూ. పక్కన ఇంకో కబోర్డ్ ఉండి రెండు పలకలూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటే, 4.5 మి.మీ. రంధ్రం రెండు పలకల గుండా వేసి ఎం4 (4 మి.మీ. లావు) బోల్టు అవతలికి తీయొచ్చు. రెండు 18 మి.మీ. పలకలకు 45 మి.మీ. పొడవు సరిపోతుంది. ఒకే పలక అయితే 25. అవతలివైపు వెడల్పాటి వాషర్ వేయండి, లేదంటే నట్టు బోర్డులోకి కుంగుతుంది. బోల్టు తల ప్లేటు గుంటలో పూర్తిగా ఒదగాలి. పైకి లేచి ఉంటే హింజ్ చేయి ప్లేటు మీద కూర్చోదు. గోడకు ఆనుకున్న చివరి కబోర్డ్‌కు ఇది కుదరదు, అక్కడ చేయి దూరదు.

చెదిరిన చోటు ప్లేటుకన్నా పెద్దదైతే రంధ్రాలున్న స్టీల్ రిపేర్ ప్లేటు దొరుకుతుంది. అది చెదిరిన చోటును కప్పి, చుట్టూ మంచి బోర్డులో నాలుగైదు చోట్ల స్క్రూలు పట్టుకుంటుంది. హింజ్ ప్లేటు దానిమీద కూర్చుంటుంది. దాని మందం ఒక మిల్లీమీటరు చొప్పున తలుపు పక్కకు జరిగినా హింజ్ పక్క స్క్రూతో సర్దేయవచ్చు.

కానీ ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. చెదిరిన చోటు మీద 12 మి.మీ. ప్లై ముక్క అతికించి, దానిమీద హింజ్ బిగిస్తారు. ప్లేటు 12 మి.మీ. లోపలికి వస్తే తలుపు కూడా 12 మి.మీ. జరుగుతుంది, సర్దే స్క్రూ ఒకటి రెండు మిల్లీమీటర్లే తీసుకోగలదు. తలుపు అటు పలకను కప్పదు, ఇటు పక్క తలుపును గుద్దుతుంది. మీ తలుపు పలకను పూర్తిగా కప్పే రకం, అంటే చేయికి వంపు లేని 0 క్రాంక్ హింజ్ ఉన్నదైతే ప్లై ముక్కను బోర్డులోకి దించి సమంగా కూర్చోబెట్టాల్సిందే. 60 x 100 మి.మీ. అంత చోటును 12 మి.మీ. లోతు తీసి, అంతే ముక్క జిగురుతో దించాలి. ఉలితో పార్టికల్ బోర్డు శుభ్రంగా తెగదు, చెక్కలో గాడి తీసే రౌటర్ మెషీన్ ఉన్న కార్పెంటర్‌కు అప్పగించండి. ఒకే పలక మీద రెండు తలుపులు సగం సగం కప్పే 8 క్రాంక్ హింజ్ ఉన్నచోట మాత్రం ఒక సౌకర్యం ఉంది. 9 మి.మీ. ప్లై అతికించి, హింజ్‌ను 0 క్రాంక్‌కు మార్చేస్తే ఆ తొమ్మిది మిల్లీమీటర్లు హింజ్ వంపులోనే సర్దుకుంటాయి.

నీళ్లు తాగిన బోర్డు

సింక్ కింద, నేల కడిగే నీళ్లు తగిలే అడుగున బోర్డు ఉబ్బితే అది ఎండినా మళ్లీ మామూలు మందానికి రాదు. లోపల జిగురు విడిపోయి ఉంటుంది, అందులో డోవెల్ పెట్టినా, ఎపాక్సీ పోసినా ఉబ్బిన భాగమే ఊడి వస్తుంది. ముందు కారణం ఆపండి. వేస్ట్ పైపు బిగింపుల దగ్గర రబ్బరు వాషర్లు, సింక్ అంచు సిలికాన్, ముందు చూడాల్సినవి ఈ రెండు. తలుపులు తీసేసి ఫ్యాను గాలికి వారం రోజులు ఆరనివ్వండి. తర్వాత స్క్రూ మొనతో గుచ్చుతూ గట్టి బోర్డు ఎక్కడ మొదలవుతుందో వెతికి గీత గీయండి. హింజ్ ఆ గీతకు 50 మి.మీ. అయినా పైకి జరగాలి. ప్లేటు జరిపితే తలుపు మీద హింజ్ గుండ్రటి కప్ కూర్చునే రంధ్రం కూడా అంతే జరపాలన్నది గుర్తుంచుకోండి.

ఉబ్బింది పలకలో మూడో వంతు దాటితే అతుకులు వద్దు, ఆ పలకే మార్చండి. కొత్తది భారత ప్రమాణం ఐఎస్ 710 గుర్తు ఉన్న ప్లైవుడ్ అడగండి. దాన్ని 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పరీక్షిస్తారు. ఐఎస్ 303 ఎంఆర్ ప్లై గాలిలో తేమకు ఆగుతుంది గానీ సింక్ కింద నిలిచే నీళ్లకు కాదు.

తలుపు వైపు ఊడితే

తలుపులో హింజ్ కప్ కూర్చునే గుండ్రటి రంధ్రం 35 మి.మీ. వెడల్పు, దాదాపు 12 మి.మీ. లోతు ఉంటుంది. ఆ రంధ్రానికీ తలుపు అంచుకూ మధ్య మిగిలే బోర్డు మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లే, అందుకే అది పగులుతుంది. పగులు మాత్రమే ఉంటే అందులోకి ఫెవికాల్ ఎక్కించి, క్లాంప్‌తో నొక్కి ఒక రోజు ఉంచండి. కప్ రెండు పక్కల స్క్రూ రంధ్రాలను పైన చెప్పిన డోవెల్ పద్ధతిలోనే పూడ్చవచ్చు, లోతు 12 మి.మీ. దాటకుండా. ఇక్కడ 3.5 x 16 మి.మీ. కన్నా పొడుగు స్క్రూ వాడొద్దు. తలుపు ముందువైపు లామినేట్ మీద మొటిమలా లేస్తుంది, దాన్ని ఇక సరిచేయలేం.

అంచు విరిగి ముక్క పోయి ఉంటే అంచుకు టేపు గోడలా అంటించి ఎపాక్సీ ముద్ద నింపి, కప్‌ను పలచగా నూనె రాసి అందులోనే కూర్చోబెట్టి ఆరనివ్వండి. ఆకారం సరిగ్గా వస్తుంది. అది కూడా నిలవకపోతే కప్‌ను పాత రంధ్రానికి 60 మి.మీ. దూరంలో కొత్తగా తొలిపించి, పాతదానికి ప్లాస్టిక్ మూత పెట్టండి.

తలుపు ఎక్కించి సర్దడం

పై హింజ్, తర్వాత కింది హింజ్ తగిలించండి. తలుపుకు దగ్గరగా ఉన్న స్క్రూ తలుపును ఎడమ కుడులకు జరుపుతుంది. వెనకున్నది ముందుకు వెనక్కి. ఎత్తు ప్లేటు స్క్రూల దగ్గర మారుతుంది. వాలిన తలుపుకు పై హింజ్ పక్క స్క్రూను అర చుట్టు తిప్పి చూసి, కింది హింజ్‌ను దానికి వ్యతిరేకంగా తిప్పండి. ఒకేసారి రెండు చుట్లు తిప్పితే ఎక్కడున్నామో తెలియదు. పక్క తలుపుతో సందు పైనుంచి కిందికి ఒకేలా, రెండు మూడు మిల్లీమీటర్లు ఉండాలి.

తలుపు ఎత్తు 900 మి.మీ. దాటితే రెండు హింజ్‌లు చాలవు, మూడోది పెట్టించండి. గోడకో ఫ్రిజ్‌కో తగిలే తలుపు అయితే తెరుచుకునే కోణం తగ్గించే ప్లాస్టిక్ క్లిప్ కొన్ని హింజ్‌లకు దొరుకుతుంది, మీ హింజ్ చేయి పట్టుకెళ్లి షాపులో పెట్టి చూసి తీసుకోండి. లోపలి తీగ బుట్టను తలుపు నుంచి తీసి పక్క పలకకు మార్చండి. మొదటి రెండు రోజులు తలుపుకు ఏ బరువూ తగిలించకుండా ఉంచి, మూడో రోజు స్క్రూడ్రైవర్ తీసుకుని ప్లేటు స్క్రూలను ఒకసారి ముట్టుకుని చూడండి. కదలకపోతే ఇంకా బిగించొద్దు, అలాగే వదిలేయండి.